మెల్డ్ 19 అయితే రాత్రికి ఏం తినాలి?

డిశ్చార్జి కాగితం చివర ‘చైల్డ్ సి 10, మెల్డ్ 19’ అని ఉంటుంది. మెదక్ జిల్లా అల్లాదుర్గ్‌లో బస్సు దిగిన మనిషి సంచిలో ఆ కాగితంతో పాటు నాలుగు రకాల గోలీలు, ఒక సిరప్ సీసా ఉంటాయి. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి సంగారెడ్డి, జోగిపేట మీదుగా సుమారు వంద కిలోమీటర్లు వచ్చాడాయన. ఇంట్లోవాళ్లు మొదట అడిగేది స్కోరు గురించి కాదు. ‘ఏం పెట్టమన్నరు?’ అని. కాగితంలో దానికి జవాబు లేకపోలేదు. ‘ఉప్పు తక్కువ’ అని ఉంటుంది, అదీ ఇంగ్లిషులో. ఎంత తక్కువ, ఎన్నాళ్లు, జొన్న రొట్టెలోకి ఏం కలుపుకోవాలి అన్నవి అందులో ఉండవు.

ముందు కాలేయం ఎంత దెబ్బతిందో చెప్పే ఆ అంకెల సంగతి చూద్దాం. చైల్డ్ స్కోరుకు ఐదు విషయాలు చూస్తారు: బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, పొట్టలో నీరు, మతి తడబాటు. ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు. మొత్తం 5 లేదా 6 వస్తే ఎ, 7 నుంచి 9 దాకా బి, 10 నుంచి 15 దాకా సి. మెల్డ్ లెక్క వేరు. బిలిరుబిన్, క్రియాటినిన్, గడ్డకట్టే తీరును చూపే ఐఎన్‌ఆర్ (ఇప్పుడు సోడియం కూడా) కలిపి 6 నుంచి 40 మధ్య ఒక అంకె తేలుస్తారు. దానం వచ్చిన కాలేయం ఎవరికి ముందు ఇవ్వాలన్నది అమెరికాలో 2002 ఫిబ్రవరి నుంచి ఈ అంకె మీదే నడుస్తోంది. అక్కడి వెయిటింగ్ లిస్టును పరిశీలించి 2003లో వెలువరించిన లెక్క ప్రకారం మెల్డ్ 10–19 మధ్య ఉన్నవారిలో మూడు నెలల్లో చనిపోయినవారు వందకు ఆరుగురు. 20–29 మధ్య అది ఇరవైకి చేరుతుంది, 30 దాటితే సగం పైమాటే.

డాక్టర్లకు ఆ ఆరుగురి మీద కన్ను ఉంటుంది, ఉండాలి కూడా. నాకు మిగతా 94 మంది సంగతి కావాలి. వాళ్లు ఇంటికొస్తారు, పెళ్లిళ్లకు పోతారు, పొలం చూసుకుంటారు, ఉప్పు లేని కూర ముందు కూర్చుని విసుక్కుంటారు. సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) వచ్చినా ఉపద్రవాలు మొదలుకాని దశలో ఉన్నవారి సగటు ఆయుష్షు పన్నెండేళ్లకు పైన అని, పొట్టలో నీరో రక్తపు వాంతులో మొదలయ్యాక అది రెండేళ్లకు పడిపోతుందని 2006లో ఇటలీ వైద్యులు పెద్ద సమీక్ష చేసి చెప్పారు. ఆ పన్నెండును నిలబెట్టుకోవడమూ, ఆ రెండును పొడిగించుకోవడమూ చాలావరకు ఇంట్లో జరిగే పని. ఆ పని ముందే చేసి ఉన్నవాడు పక్క ఊళ్లోనే ఉండొచ్చు. అతని ఆచూకీ ఎవరూ చెప్పకపోవడమే ఇక్కడి సమస్య.

నిజంగా ఉన్నాడా? కాకిలెక్క కాకుండా చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి ఉన్నవారు 2.98 కోట్లు, సి ఉన్నవారు 55 లక్షలు. 142 కోట్ల జనాభాకు అది బి వందకు ఇద్దరు, సి వెయ్యికి నలుగురు. దేశపు సగటునే పెట్టుకుంటే పదివేల మంది ఉన్నచోట బి ఉన్నవారు రెండు వందలు, సి ఉన్నవారు నలభై మంది తేలతారు. ఇది పరీక్షలు చేసి తేల్చిన స్థానిక లెక్క కాదు, సగటును ఊరి మీద పరిచి చూడటం మాత్రమే. కానీ అందులో సగమే నిజమైనా ఒక గది నిండుతుంది. కొవ్వు పట్టిన కాలేయాలు దీనికి అదనం. దేశంలో పెద్దల్లో 38.6 శాతానికి ఆ సమస్య ఉందని 2022లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతానికి ఉంది. అది కుర్చీల జబ్బు, మనది కాదు అనుకునే రోజులు పల్లెల్లోనూ పోయాయి.

ఇంతమంది ఉంటే ఎందుకు కనిపించరు? ఒక కారణం, చాలామందికి తమకు ఉందనే తెలియదు. ప్రపంచం మొత్తం మీద హెపటైటిస్ బి ఉన్నవారిలో పరీక్షలో బయటపడ్డది 13 శాతమే, సి విషయంలో 36 శాతం. రెండో కారణం సిగ్గు. లివర్ చెడిందంటే ‘తాగి తెచ్చుకున్నడు’ అన్న మాట ముందే సిద్ధంగా ఉంటుంది. చుక్క ముట్టని ఆడమనిషికి హెపటైటిస్ బి వచ్చినా అదే చూపు. కంచం వేరు చేస్తారు, గ్లాసు వేరు చేస్తారు. బి గానీ సి గానీ కంచం వల్ల, కౌగిలి వల్ల, కలిసి తినడం వల్ల అంటదు. రక్తంతో అంటుతుంది, తల్లి నుంచి బిడ్డకు పుట్టేటప్పుడు వస్తుంది; బి అయితే శారీరక సంబంధం వల్ల కూడా. ఈ ముక్క డాక్టరు చెబితే ఇంట్లోవాళ్లు తలూపుతారు. ఇరవై ఏళ్లుగా బి ఉండీ, అదే కంచంలో భార్యాపిల్లలతో తిన్న మనిషి ఎదురుగా కూర్చుని చెబితే గ్లాసు మళ్లీ కలుస్తుంది. భార్యాపిల్లలు మూడు డోసుల టీకా వేయించుకోవాలన్న మాట కూడా అతని నోటి నుంచి వస్తేనే నాటుకుంటుంది. ఆ టీకాను దేశీయంగా జన్యు సాంకేతికతతో తొలిసారి తయారు చేసింది మన శాంతా బయోటెక్నిక్స్, 1997లో.

ఇప్పుడు ఉప్పు దగ్గరికి రావాలి. తోటి రోగి విలువ అన్నిటికన్నా తేలిగ్గా తెలిసేది అక్కడే.

పొట్టలో చేరే నీటిలో లీటరుకు మూడు గ్రాముల సోడియం ఉంటుంది. ఉప్పుగా చూస్తే ఏడున్నర గ్రాములు. అంటే శరీరం బయటికి పంపలేక దాచుకున్న ప్రతి ఏడున్నర గ్రాముల ఉప్పూ ఒక లీటరు నీటిని పట్టుకుని కూర్చుంటుంది. ఆసుపత్రిలో సూదితో ఐదు లీటర్లు తీశారంటే 37 గ్రాముల ఉప్పు తీశారన్నమాటే. ఐదు లీటర్లు దాటి తీస్తే లీటరుకు 6 నుంచి 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ ఎక్కించాలి, అదొక ఖర్చు. ఇంటికొచ్చి రోజుకు ఐదు గ్రాములు, అంటే మట్టంగా ఒక చిన్న చెంచాడు ఉప్పుతో సరిపెట్టుకోమంటారు. ఇంట్లో నలుగురికి వండే పప్పులో, కూరలో, చారులో ఆయన వాటాకు ఎంత పడిందో ఎవరు చెప్పగలరు?

అనుభవం ఉన్న ఇళ్లలో దీనికి దారి కనిపెట్టుకుంటారు. పొద్దున్నే రోగి వాటా ఉప్పు ఒక చిన్న డబ్బాలో కొలిచి పెడతారు. ఆయన భాగం ఉప్పు వేయకముందే గిన్నెలోకి తీస్తారు. ఆ డబ్బా అయిపోతే ఆ రోజుకు ఉప్పు అయిపోయినట్టే. పచ్చిపులుసులో ఉప్పు తగ్గించి చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప పెంచుతారు. జొన్న రొట్టె పిండిలో ఉప్పు వేయరు. ఆవకాయ మాత్రం కుదరదు, అది ఏడాది నిలవ ఉండేదే ఉప్పు మీద. ఉప్పు తగ్గించానంటూ బజారు మిక్చరు తినేవాళ్లు, సోడా కలిపిన బజ్జీలు తినేవాళ్లు, నిమ్మసోడా తాగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇదంతా ఏ డాక్టరూ ఐదు నిమిషాల్లో చెప్పలేడు. ఆయన తప్పేమీ లేదు, బయట ఇంకో అరవై మంది కూర్చుని ఉంటారు.

రోజూ పొద్దున ఒకే వేళకు బరువు చూసుకోవడం రెండో అలవాటు. నీరు దిగే మందులు వాడుతున్నప్పుడు రోజుకు అరకిలో, కాళ్ల వాపు కూడా ఉంటే కిలో దాకా తగ్గితే సరే. అంతకు మించి పడిపోతుంటే కిడ్నీలకు దెబ్బ. తిండి పెరగకుండా రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఇంట్లో తూకం లేకపోతే ఊళ్లో ఒకరి దగ్గర ఉన్నా చాలు. పొద్దున అక్కడికి ముగ్గురు నడిచొస్తే సంఘం అని పేరు పెట్టకుండానే సంఘం మొదలైనట్టు.

ఆ సిరప్ సీసా గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాని దగ్గర కూడా ప్రాణాలు జారిపోతాయి. అది లాక్టులోజ్. కాలేయం వడకట్టలేని అమోనియాలాంటివి మెదడుకు ఎక్కకుండా పేగుల దారిన పంపేస్తుంది. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం కావాలి, అదే దాని కొలత. ఇంట్లో ఏం జరుగుతుంది? ‘మోషన్లు అయితున్నయి’ అని భయపడి సిరప్ ఆపేస్తారు. నాలుగో రోజు మనిషి పగలు పడుకుని రాత్రంతా తిరుగుతాడు, చెప్పిందే చెబుతాడు, సంతకం వంకర పోతుంది, చెయ్యి చాపితే వణుకుతుంది. గాలి సోకిందనుకుంటారు. సిరోసిస్ ఉన్నవారిలో 30 నుంచి 40 శాతం మంది ఏదో ఒక దశలో ఈ మతి తడబాటుకు లోనవుతారు. దీన్ని ముందుగా పట్టేది రోగి కాదు, రోగికి తెలియదు. పట్టేది భార్య. ఒకసారి చూసిన భార్య ఇంకో భార్యకు చెబితే, రెండో ఇంట్లో అది మొదటి రోజే దొరుకుతుంది.

ఇంట్లోనే చేయదగ్గ ఒక తేలిక పరీక్షను 2017లో ఇటలీ పరిశోధకులు పరిశీలించారు. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవో చెప్పమనడమే. పదిహేను దాటితే ఫరవాలేదు. పదికి తక్కువైతే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఎద్దు, బర్రె, మేక, గొర్రె, కోతి అంటూ ఊళ్లో పెరిగిన మనిషి ఇరవై దాకా గడగడా చెబుతాడు. నిన్న పద్దెనిమిది చెప్పినవాడు ఇవాళ ఏడు దగ్గర ఆగిపోయాడంటే అది రోగనిర్ధారణ కాకపోయినా గంట కొట్టినట్టే.

ఇక్కడ మెదక్‌లోనూ ఇంకొన్ని జిల్లాల్లోనూ కనిపించే చిక్కు ఒకటుంది. కల్లు. తాటిచెట్టు కింద దిగిన కల్లు గురించి కాదు నేను చెప్పేది, కాంపౌండులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిసే కల్లు గురించి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది మతి తప్పి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రుల్లో చేరారు. ఆ మత్తు మందులు ఆగితే మంచి కాలేయం ఉన్నవారికే అలా అయింది; సిరోసిస్ ఉన్నవారు తాగితే అవి నేరుగా కోమాలోకి నెట్టగలవు. ‘సారా మానేసిన, ఉత్త కల్లే’ అన్న మాట ఆసుపత్రుల్లో వినపడుతూనే ఉంటుంది. దాన్ని సవరించాల్సింది కూడా అలా అని దెబ్బతిన్నవాడే. ఒక హెచ్చరిక: ఏళ్ల తరబడి అలవాటున్నవారు కల్లు గానీ మందు గానీ ఒక్కసారిగా ఇంట్లో కూర్చుని మానేయకూడదు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణాలు పోతాయి.

నిద్ర గోలీలది కూడా అదే దారి. నడుము నొప్పికి ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూది కిడ్నీల మీద పడుతుంది. సిరోసిస్ రోగికి నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాలే మేలు, అదీ రోజుకు రెండు గ్రాములు దాటకుండా. అంటే 500 గోలీలు నాలుగు, అంతే.

తిండి విషయంలో పాత భయం ఒకటి ఇంకా వదలలేదు. లివర్ జబ్బంటే పప్పు, గుడ్డు, మాంసం బందు పెట్టి గంజి పోయడం. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పారు, కాబట్టి అమ్మమ్మలను తప్పుపట్టలేం. 2004లో స్పెయిన్‌లో 30 మంది రోగులను రెండు జట్లు చేసి చూస్తే, మాంసకృత్తులు తగ్గించినందువల్ల మతి తడబాటు ఏమీ త్వరగా తగ్గలేదు, కండ మాత్రం కరిగింది. ఇప్పటి సలహా: కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, కాబట్టి అది ఒక్కపూట పని కాదు.

రాత్రి పడుకునే ముందు ఏదైనా తినడం ఇంకా ముఖ్యం. దెబ్బతిన్న కాలేయం రాత్రికి సరిపడా శక్తి దాచుకోలేదు, తెల్లారేసరికి కండను కరిగించుకుంటుంది. న్యూజిలాండ్‌లో చేసి 2008లో వెలువరించిన అధ్యయనంలో రాత్రిపూట అదనపు ఆహారం తీసుకున్నవారికి ఏడాదిలో సుమారు రెండు కిలోల కండ పెరిగింది. పగలు అదే ఆహారం తీసుకున్నవారికి పెరగలేదు. వాళ్లు వాడింది డబ్బాలో పానీయం. మనకు గుడాలున్నాయి. ఉడికిన శనగలో అలసందలో ఉప్పు లేకుండా ఒక గిన్నె, కాకపోతే పాలు, అటుకులు. తొమ్మిదింటికి పడుకునే ఊళ్లో పదిన్నరకు లేపి తినిపించే ఇల్లాలిని చుట్టుపక్కలవాళ్లు వింతగా చూస్తారు. ఇంకో ఇంట్లోనూ అలాగే చేస్తున్నారని తెలిస్తే వింత పోతుంది.

ఇక తాగుడు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు 43.3 శాతం, ఆడవారిలో 6.7. దేశం సగటు 18.8, 1.3. రోజుకు 30 గ్రాముల ఆల్కహాలు దాటితే సిరోసిస్ ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లు సాధారణంగా చెప్పే గీత. 42.8 శాతం ఉన్న విస్కీ క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో ఉండేది 61 గ్రాములు. ‘రోజూ ఒక క్వార్టరే, ఎక్కువ తాగ’ అనే మాటకు అర్థం గీతకు రెండింతలు.

మానేయడంలో తోటివారి సాయానికి ఉన్నంత బలమైన రుజువు, కాలేయ జబ్బుల్లో ఇంకెక్కడా తోటివారి సాయానికి లేదు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల దళారి, ఇంకొకరు సర్జన్, కలిసి మాట్లాడుకోవడంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957కి మన దేశానికి వచ్చింది. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాల్లోని 10,565 మందిని కలిపి చూసింది. ఆ పద్ధతిలో నడిచినవారిలో 42 శాతం ఏడాది తర్వాత కూడా పూర్తిగా దూరంగా ఉన్నారు, మానసిక నిపుణుల చికిత్సల్లో 35 శాతం. తేడా ఏడు శాతమే కదా అనిపిస్తుంది. ఒక పైసా ఫీజు లేకుండా, టీ కప్పు ఖర్చుతో వచ్చే ఏడు శాతం అది. తాగుడు వల్ల కాలేయం చెడి మార్పిడి చేయించుకున్నాక కూడా సుమారు నాలుగేళ్లలో వందలో 22 మంది మళ్లీ తాగారని, 14 మంది బాగా తాగారని 2019లో ఒక సమీక్ష లెక్క తేల్చింది. అంత ఖరీదైన ఆపరేషన్ తర్వాత కూడా తోటివాళ్లు కావాలి.

కుటుంబాలకు కూడా కావాలి. ఆడవాళ్లు కూడి మాట్లాడుకుంటే ఏమవుతుందో మన నేలకు తెలియనిది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో చదువు నేర్చుకునే ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరుకు సారాను, 1995 జనవరికి మొత్తం మద్యాన్ని ఆపించింది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ పోరాటం దుకాణం మీద గురిపెట్టింది, ఆపగలిగింది. మంచాన పడ్డ భర్త పక్కన ఎలా ఉండాలన్నది ఇంకా ఎవరి ఎజెండాలోకీ రాలేదు. పొదుపు సంఘాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి, నెలనెలా కూర్చుంటున్నాయి. అప్పు లెక్క అయ్యాక పావుగంట చాలు.

మార్పిడి గురించి క్లుప్తంగా. దేశంలో తొలి విజయవంతమైన కాలేయ మార్పిడి 1998 నవంబరులో ఢిల్లీ అపోలోలో 20 నెలల పిల్లాడికి జరిగింది. తండ్రి తన కాలేయంలో భాగం ఇచ్చాడు. ఆ పిల్లాడు ఇప్పుడు డాక్టరు. మన దగ్గర నిమ్స్, ఉస్మానియాల్లో ఆరోగ్యశ్రీ కింద మార్పిడులు జరుగుతున్నాయి. 2013 నుంచి నడుస్తున్న అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా 2024లో తెలంగాణలో 188 మంది మరణానంతరం అవయవాలిచ్చారు. పది లక్షల జనాభాకు 4.88, దేశం సగటు 0.8. అయినా ఎదురుచూసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇంటివాళ్లే ఇవ్వాల్సి వస్తుంది. కుడి భాగం ఇచ్చే దాతకు ప్రాణాపాయం దాదాపు రెండు వందలకు ఒకటి, మిగిలిన కాలేయం రెండు మూడు నెలల్లో దాదాపు మునుపటి పరిమాణానికి పెరుగుతుంది. 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో 29,695 మగవారికే జరిగాయి. బతికుండగా ఇచ్చేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. కోడలు సరే అన్నదని సంతకం పెట్టించే ముందు, ఇదివరకు ఇచ్చిన ఒక స్త్రీతో ఆమెను మగవాళ్లు లేని గదిలో అరగంట మాట్లాడనివ్వాలని నా అభిప్రాయం. కౌన్సెలింగ్ ఆసుపత్రిలోనూ ఉంటుంది. కానీ మచ్చ చూపించగలిగేది ఇచ్చినావిడే.

తోటి రోగి ప్రమాదం కూడా కాగలడు. ‘నాకు పసరు మందుతో తగ్గింది’ అనే మాట కూడా తోటి రోగిదే. మామూలు కామెర్లలో చాలావరకు ఏ మందూ వేయకపోయినా తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. సిరోసిస్‌లో అదే పసరు ఉన్న కాలేయాన్నీ తినేయగలదు. ఒకరి నీరు దిగే గోలీ ఇంకొకరు వేసుకుంటే సోడియం పడిపోయి మతి తప్పుతుంది. అందుకే నియమం ఒకటుండాలి: మందు పేరు, మోతాదు తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చు. రక్తపు వాంతి, నల్లటి విరేచనం, జ్వరంతో కడుపు నొప్పి, మతి తడబాటు కనిపిస్తే మాటలు ఆపి 108కి ఫోన్ చేయాలి.

ఈ ఏర్పాటు కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. క్షయ నుంచి బయటపడినవారికి శిక్షణ ఇచ్చి టీబీ ఛాంపియన్లుగా ప్రభుత్వమే పంపుతోంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో చికిత్సా కేంద్రం సిబ్బందిలో ‘పీర్ సపోర్టర్’ అనే కొలువు కూడా ఉంది. అక్కడ సి వైరస్‌కు సాధారణంగా 12 వారాలు, 84 రోజులు ఉచితంగా గోలీలిస్తారు, వందలో 95 మందికి పైగా నయమవుతుంది. ఆ 84 రోజులూ గోలీ తప్పకుండా చూడటానికి ఒక మనిషి అవసరమని ఢిల్లీలో ఎవరికో తోచింది. తాగుడు వల్లో కొవ్వు వల్లో సిరోసిస్ వచ్చి, 84 రోజులు కాదు జన్మంతా మందులు వాడాల్సినవారికి మాత్రం అలాంటి మనిషి లేడు.

సంగారెడ్డిలో 2022 నుంచి, మెదక్‌లో 2024 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. అల్లాదుర్గ్ మండలం అందోల్ నియోజకవర్గంలోనిది. 2023 డిసెంబరులో రాష్ట్ర ఆరోగ్య శాఖ చేపట్టిన దామోదర రాజనర్సింహ గెలిచింది ఇక్కడి నుంచే. అర్జీ ఎవరికి రాయాలో వెతుక్కోనక్కర్లేదు. అందులో అడగాల్సినవి మూడు: హెపటైటిస్‌కు ఉన్న ఆ కొలువును సిరోసిస్ రోగులందరికీ వర్తింపజేయడం, ఈ రెండు కళాశాలల ఆసుపత్రుల్లో వారానికి ఒకరోజు తోటి రోగి కూర్చునేందుకు ఓపీ పక్కన ఒక బల్ల, డిశ్చార్జి కాగితం వెనకవైపు తెలుగులో పది వాక్యాలు.